తిరగండి కాదు, తిరుగు

పన్నెండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకే ఒక్క సబ్‌టైటిల్ అడ్డంపడి నిద్ర రావట్లేదు: 'టర్న్ అరౌండ్'.

సెలీన్ సియామా 2019లో తీసిన ఫ్రెంచి సినిమా 'పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ ఆన్ ఫైర్' సంగతే. ఎలోయీజ్ బొమ్మ పూర్తయింది, ఆమెకి పెళ్ళి ఖాయం. చిత్రకారిణి మరియాన్ గబగబా మెట్లు దిగి వెళ్ళిపోతోంది. గుమ్మం దగ్గర వెనకనుంచి ఎలోయీజ్ గొంతు: 'రెతూర్న్-త్వా', వెనక్కి తిరుగు. అప్పటిదాకా ఇద్దరూ ఒకరినొకరు 'వూ' అనే పిలుచుకున్నారు, అంటే మీరు. ముద్దులయ్యాక కూడా మీరే. 'చింతించకండి, గుర్తుంచుకోండి' అన్నప్పుడూ మీరే. చివర్లో 'రెతూర్నే-వూ' అనాల్సింది 'త్వా' అయింది, అంటే నువ్వు. ఇంత పెద్ద సంగతి ఇంగ్లీషు 'యూ'లో చుక్క మిగలకుండా ఇంకిపోయింది.

మనకైతే మీరు అనగానే దూరం. లేదంటే ఆవిడ మీరు, ఆయన నువ్వు, మధ్యలో ఓ మెట్టు. ఇక్కడ ఇద్దరూ ఒకే మెట్టు మీద నిలబడి మీరు అనుకుంటారు. బొమ్మకి కూర్చునే ఘట్టం చూడండి. ఇబ్బందిపడితే పెదవి కొరుక్కుంటారు, చిరాకేస్తే రెప్ప వెయ్యరు అని మరియాన్ తను కనిపెట్టినవన్నీ చెబుతుంది. ఎలోయీజ్ ఆమెని దగ్గరికి పిలిచి, తన పక్కన నిలబెట్టి, ఇటునుంచి చూడమంటుంది. మీరు నన్ను చూస్తున్నప్పుడు నేనెవర్ని చూస్తున్నట్టు? మాట తోచకపోతే నుదురు తాకుతారు, తడబడితే కనుబొమలెత్తుతారు, కలతపడితే నోటితో ఊపిరి తీస్తారు, అంటుంది ఎలోయీజ్. తమకేమవుతోందో దానికి ఇద్దరి దగ్గరా పేరు లేదు, ఈ లెక్కలే ఉన్నాయి. మంట చుట్టూ ఆడవాళ్ళ పాట, వివాల్డి స్వరపరిచిన 'వేసవి' తప్ప సినిమాలో వేరే సంగీతం లేదు కాబట్టి ఆ ఊపిరి చెవికి తెలుస్తుంది. దీన్ని తెలుగులో నువ్వులోకి దింపారో, చచ్చిందే.

దింపాలనే బుద్ధి పుడుతుంది మరి. సబ్‌టైటిల్‌కి రెండు వరుసలు, వరుసకి నలభై చిల్లర అక్షరాలు. 'గుర్తుంచుకోండి' ఒక్కటే మూడోవంతు తినేస్తుంది. చోటు చాలక 'అండి' కోసేస్తాం. అలా మొదటి గంటలో కోస్తే చివర కోయడానికేం మిగలదు.

ఇంతా తిట్టాక వంటగది గుర్తొచ్చింది. అక్కడ ఎలోయీజ్ రోమన్ కవి ఓవిడ్ రాసిన ఆర్ఫియస్ కథ చదువుతుంది. చచ్చిపోయిన భార్య యూరిడిసీని పాతాళం నుంచి తెస్తూ, వెనక్కి చూడకూడదన్న షరతు తప్పి, ఆమెని మళ్ళీ పోగొట్టుకున్న కవి అతను. ఎందుకు వెనక్కి చూశాడని పనిపిల్ల సోఫీ మండిపడుతుంది. ప్రేమికుడిలా కాదు, కవిలా ఎంచుకున్నాడంటుంది మరియాన్. ఏమో, యూరిడిసీయే 'రెతూర్న్-త్వా' అని ఉండొచ్చంటుంది ఎలోయీజ్. అదే మాట! అయితే గుమ్మం దగ్గర ఆమె మరియాన్‌ని నువ్వు అనట్లేదేమో, యూరిడిసీ మాట తెచ్చి పలుకుతోందేమో. లేక రెండూనా?

అలాగైతే రెండుచోట్లా ఒకే మాట పెట్టడమే ముఖ్యం. ఇంగ్లీషులో అది ఉంది. నా పోట్లాటలో సగం నేనే వెనక్కి తీసుకోవాలి.

తెలుగులో 'వెనక్కి తిరుగు' అని రెండుచోట్లా రాశాను. కానీ ఆర్ఫియస్ వెనక్కి 'చూశాడు' అంటాం గానీ 'తిరిగాడు' అంటామా? 'ఇటు చూడు' అని మార్చాను. వంటగదిలో అతకలేదు. కొట్టేశాను.