నామినీ వేరు, వారసులు వేరు

2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు స్వలింగ జంటల పెళ్లికి గుర్తింపు ఇవ్వలేమని చెప్పేసింది. ఆ తర్వాత దక్కిన ఊరటల్లో ఒకటి బ్యాంకులది. స్వలింగ జంటలు జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. మంచిదే. కానీ నామినీగా పేరెక్కింది కదా, ఇక భయం లేదనుకుంటే అక్కడే దెబ్బతింటారు.

నామినీ సొమ్ము అందుకునే మనిషి మాత్రమే, సొంతదారు కాదు. రేపు వారసులొచ్చి అడిగితే లెక్క అప్పజెప్పాల్సిందే. హిందూ వారసత్వ చట్టం ప్రకారం పెళ్లికాని కొడుకు వీలునామా రాయకుండా పోతే ఆస్తి ముందు తల్లికి వెళ్తుంది. ఇరవై ఏళ్లు ఒకే కప్పు కింద బతికిన మనిషికి ఆ వరసలో చోటే లేదు. ఇది అన్యాయం. చట్టం మారేదాకా మన జాగ్రత్త మనం పడాలి.

బీమాలోనూ ఇదే చిక్కు. తల్లిదండ్రులో, భార్యో, భర్తో, పిల్లలో నామినీ అయితేనే ఆ సొమ్ము వాళ్ల సొంతమవుతుంది. పీఎఫ్ ఇంకా కఠినం: చట్టం లెక్కలో కుటుంబం ఉంటే (మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులున్నా సరే) భాగస్వామి పేరున రాసిన నామినేషన్ చెల్లదు.

అందుకే వీలునామా. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఖాతా నంబర్లు, పాలసీ నంబర్లు, ఇంటి నంబరు, సర్వే నంబరు విడివిడిగా రాయండి. ఇద్దరు సాక్షులు మీ సంతకం చూసి, మీ ఎదుటే సంతకాలు చేయాలి. భాగస్వామిని సాక్షిగా పెట్టకండి. రేపు కోర్టులో నిలబడి చెప్పాల్సింది సాక్షులే కాబట్టి మీకంటే చిన్నవాళ్లయితే నయం. తల్లిదండ్రులకో, తోబుట్టువులకో ఎందుకు ఇవ్వడం లేదో ఒక్క వాక్యంలోనైనా రాయండి. కారణం లేకుండా దగ్గరివాళ్లను వదిలేస్తే కోర్టు అనుమానంగా చూస్తుంది. మతి స్థిమితంగా ఉందని అదే రోజు డాక్టరు సర్టిఫికెట్ తీసుకోండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకోవడమే మేలు. రాసిచ్చే హక్కు స్వార్జితం మీద, ఉమ్మడి ఆస్తిలో మీ వాటా మీదే ఉంటుంది. ముస్లింలు, వారసులు ఒప్పుకోకపోతే, మూడో వంతు దాకే రాయగలరు.

బతికుండగానే డబ్బు ఇచ్చేద్దామంటే పన్ను పడుతుంది. ఆదాయపు పన్ను చట్టం చెప్పే బంధువుల జాబితాలో భాగస్వామి లేరు కాబట్టి ఏడాదిలో అలాంటి కానుకలు 50,000 రూపాయలు దాటితే, అందుకున్నవాళ్లు మొత్తం మీదా పన్ను కట్టాలి. వీలునామా ద్వారా వచ్చినదానికి ఆ బాధ లేదు.

ఇక ఆసుపత్రి. మానసిక వైద్యానికైతే 2017 చట్టం కింద తెల్లకాగితం మీద రాసి సంతకం చేసి, భాగస్వామిని మీ ప్రతినిధిగా నియమించుకోవచ్చు. కోలుకునే ఆశ లేని స్థితిలో వెంటిలేటర్ లాంటివాటిపై ఎవరు నిర్ణయం తీసుకోవాలో ముందస్తు వైద్య ఆదేశంలో రాయాలి. దానికి ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ కావాలి. అందులో భాగస్వామి పేరును సంరక్షకులుగా రాయండి, స్నేహితులని రాయకండి. ఒక కాపీ ఇంట్లో, ఒకటి భాగస్వామి ఫోన్‌లో ఉంచండి.