టీనేజీ పిల్లకి డిప్రెషన్ మాత్ర: అడగాల్సింది డోసు గురించి

మన ఇళ్ళల్లో పిల్లకి డిప్రెషన్ మందు రాశారంటే అందరూ అడిగే మొదటి ప్రశ్న "అలవాటైపోతుందా?" అని. రెండోది పెళ్ళి సంబంధాల సంగతి, అది పైకి అనరు గానీ ఫోన్లో అమ్మ గొంతులో వినిపిస్తూనే ఉంటుంది. ఎంత డోసుతో మొదలుపెట్టారు, ఎప్పుడు పెంచుతారు, మొదటి వారాల్లో దేన్ని కనిపెట్టుకుని ఉండాలి అని అడిగినవాళ్ళు నాకైతే ఒక్కరూ తగల్లేదు.

మేం డాలస్ దగ్గర ఉంటాం, అమ్మాయికి పదిహేనేళ్ళు. ఏడాదికోసారి చేసే చెకప్‌లో పిల్లలతో నింపించే ప్రశ్నల కాగితం ఉంటుంది చూడండి, అక్కడ బయటపడింది విషయం. డాక్టరు మమ్మల్ని బయట కూర్చోమని అమ్మాయితో విడిగా మాట్లాడారు. మా ఆయనకి ఒళ్ళు మండింది, "మన పిల్లతో మనకి తెలియకుండా ఏం మాటలు?" అని. నాతో చెప్పనివి అక్కడ చెప్పింది, అది చాలు నాకు.

ఇక మందు సంగతి. అమెరికాలో పిల్లల డిప్రెషన్‌కి ఎఫ్‌డీఏ (మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ) అనుమతి ఉన్నవి ముఖ్యంగా రెండు: ఫ్లూఆక్సెటిన్ 8 ఏళ్ళ నుంచి, ఎస్సిటాలోప్రామ్ 12 ఏళ్ళ నుంచి. మిగతావి రాయరని కాదు, ముందు వీటివైపు చూస్తారు. ఫ్లూఆక్సెటిన్ మామూలుగా రోజుకి 10 మిల్లీగ్రాములతో మొదలై, ఒక వారం చూసి 20కి వెళ్తుంది, బక్కపల్చటి పిల్లలైతే 10 దగ్గరే కొన్ని వారాలు ఆగుతారు. ఎస్సిటాలోప్రామ్ 10తో మొదలు, కొందరు డాక్టర్లు 5తోనే మొదలుపెడతారు, అది 20కి పెంచాలంటే కనీసం మూడు వారాలు ఆగాలి. ఇవి మనం ఇంట్లో లెక్కలు వేసుకోడానికి కాదు, డాక్టరు చెబుతుంటే బుర్రకెక్కడానికి.

ఈ మందుల్లో చిక్కేంటంటే ఇబ్బంది ముందొస్తుంది, గుణం తర్వాతొస్తుంది. కడుపులో వికారం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం మొదటి వారంలోనే కనిపించొచ్చు, మనసు తేలికపడడానికి మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ మధ్యలో "పని చెయ్యట్లేదు, రెండు వెయ్యనా?" అనిపిస్తుంది. వెయ్యకండి. ఒక రోజు మర్చిపోతే మర్నాడు రెండు కలిపి ఇవ్వడం కూడా అంతే. మాకు మొదట ఫ్లూఆక్సెటిన్ నీళ్ళ మందు ఇచ్చారు, 5 మిల్లీలీటర్లలో 20 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 10 కావాలంటే రెండున్నర మిల్లీలీటర్లే. మా అత్తగారు అలవాటు ప్రకారం టీ చెంచా అందుకున్నారు, నేను ఫార్మసీ వాళ్ళిచ్చిన సిరంజి చేతికిచ్చి గీత చూపించాను. చెంచా నిండా పోస్తే డోసు రెట్టింపవుతుంది మరి.

మందు వివరాల కాగితంలో నల్ల గడిలో హెచ్చరిక ఉంటుంది, అది చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. 2004లో ఎఫ్‌డీఏ పెట్టించింది. 24 ట్రయల్స్ కలిపి చూస్తే చావు ఆలోచనలు, అలాంటి ప్రయత్నాలు మందు తీసుకున్న పిల్లల్లో దాదాపు 4 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలో 2 శాతం కనిపించాయి. ఆ ట్రయల్స్‌లో ఆత్మహత్య మాత్రం ఒక్కటీ జరగలేదు. అదే ఏడాది వచ్చిన ఇంకో పెద్ద అధ్యయనంలో 439 మంది టీనేజర్లను 12 వారాలు చూశారు. ఫ్లూఆక్సెటిన్‌తో పాటు సీబీటీ అనే కౌన్సెలింగ్ కూడా తీసుకున్నవాళ్ళలో 71 శాతం మెరుగయ్యారు, మందొక్కటే అయితే 61, కౌన్సెలింగ్ ఒక్కటే అయితే 43, ఉత్తుత్తి మాత్రతో 35. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నాకర్థమైంది ఇది: మందుకి భయపడి మానెయ్యడం కాదు, మొదలుపెట్టినప్పుడూ డోసు మార్చినప్పుడూ పిల్ల మీద కన్నేసి ఉంచాలి. ఒక్కచోట కూర్చోలేకపోవడం, ఉన్నట్టుండి కోపాలు, రాత్రంతా మెలకువ, చచ్చిపోతే బాగుండు లాంటి మాట, వీటిలో ఏది కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. అర్ధరాత్రయితే ఇలాంటప్పుడు సాయానికి అమెరికాలో 988 ఫోన్ నంబరు ఉంది. సీసా నా దగ్గర తాళంలో ఉంటుంది, అది అనుమానం కాదని అమ్మాయికి ముందే చెప్పేశాను.

మన వాళ్ళతో వచ్చే తంటా ఇంకోటి, సూట్‌కేసులో వచ్చే మందులు. ఊళ్ళో చీటీ లేకుండా ఇచ్చే షాపులున్నాయి, "ఇక్కడ చవక, పంపిస్తాం" అంటారు ప్రేమగా. అక్కడ ఎస్సిటాలోప్రామ్‌తో క్లోనజెపామ్ కలిపిన మాత్రలు కూడా అమ్ముతారు, పేరు చివర ప్లస్ అని ఉంటుంది కొన్నిటికి. ఆ క్లోనజెపామ్ నిజంగానే అలవాటు చేసే మందు. అలాగే డెక్స్‌ట్రోమెథార్ఫన్ ఉన్న దగ్గు సిరప్పు, నెలసరి నొప్పికి ఇచ్చే ఐబుప్రోఫెన్, ఎవరో తెచ్చిన మూలికల పొడి, ఏదైనా సరే ముందు ఫార్మసిస్టుని అడగండి. దగ్గు మందుతో ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం మితిమీరొచ్చు, ఐబుప్రోఫెన్‌తో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది.

అన్నిటికంటే కష్టమైంది కుటుంబ చరిత్ర కాగితం. మా పెదనాన్న కొన్ని నెలలు ఎవరితోనూ మాట్లాడకుండా పడుకునేవారట, మళ్ళీ ఉన్నట్టుండి నిద్రాహారాలు లేకుండా తిరిగి, అప్పులు చేసి పొలాలు బేరమాడేవారట. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. ఇలా కుంగుబాటూ, మితిమీరిన హుషారూ మార్చి మార్చి వచ్చే జబ్బుని బైపోలార్ అంటారు. అది ఉన్న కుటుంబంలో పిల్లకి ఈ మందిస్తే మనసు ఆ హుషారు వైపు ఎగిరిపడే వీలుంది కాబట్టి డాక్టరుకి ఇది తెలియాలి. అమ్మ "అవన్నీ ఇప్పుడెందుకే?" అంది. నేను రాసేశాను. దాన్ని బట్టే మాకు పెంచడం ఇంకా నెమ్మదిగా చేశారు.

బాగయ్యాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది దాకా కొనసాగిస్తారు, తర్వాత మెల్లగా తగ్గిస్తారు. ఎకాఎకిన ఆపితే తల తిరుగుడు, చిరాకు, నిద్ర చెడడం ఉంటాయి, ఫ్లూఆక్సెటిన్ ఒంట్లో చాలా రోజులు ఉంటుంది కాబట్టి దానితో కాస్త తక్కువ. అందుకే వేసవిలో ఇండియా వెళ్ళేటప్పుడు "అక్కడ అమ్మమ్మ దగ్గర హాయిగా ఉంటుంది, ఈ రెండు నెలలూ మానేద్దాం" అనే ఆలోచన పెట్టుకోవద్దు. ఇన్సూరెన్సు వాళ్ళకి నెల ముందే చెప్పి సరిపడా తీసుకోండి, ఫార్మసీ లేబుల్ ఉన్న సీసాతోనే, చెకిన్ బ్యాగులో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి. అక్కడ ఏదైనా అవసరం పడితే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ ఉంది, నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు.