పాయింట్ టూటూ రైఫిలూ, మన శెనక్కాయ చేనూ

అమెరికాలో ఐడహో రాష్ట్రంలో ఉండే మా బావ దగ్గరికి పోయొచ్చినాక పుత్తూరులో అందరూ అడిగేది ఒకటే, తుపాకీ పట్టుకున్నావా అని. లేదన్నా, టూరిస్ట్ వీసా మీద పోయినోళ్ళు అక్కడ హంటింగ్ లైసెన్స్ లాంటిది లేకుండా తుపాకీ ముట్టుకోకూడదు, బావ కాలుస్తా ఉంటే నేను బైనాక్యులర్స్‌లో చూస్తా కూర్చున్నా, అంతే.

కాల్చేది గ్రౌండ్ స్క్విరల్స్‌ని. మన ఉడత మాదిరి చెట్లెక్కేవి కాదు, నేలలో బొక్కలు తవ్వుకోని ఫిబ్రవరి మార్చిలో బయటికొస్తాయి, జూన్ జూలైకంతా మళ్ళీ లోపలికి పోయి పడుకుంటాయి, ఈలోపల పశువుల మేతకేసిన లూసర్న్ గడ్డి అంతా కొరికి పారేస్తాయి. రైతే పిలిచి కాల్చమంటాడు. అట్లని అన్నిట్నీ కాల్చేదానికి లేదు, నార్తర్న్ ఐడహో గ్రౌండ్ స్క్విరల్ అనే జాతిని 2000లోనే రక్షిత జాబితాలో పెట్టేసినారు.

రైఫిల్ .22 రిమ్‌ఫైర్. తూటా అడుగున అంచులోనే నిప్పు రగిలించే మందు ఉంటాది, పిన్ను పోయి ఆ అంచు మీద కొడితే పేలుతుంది, అంచు నొక్కుకుపోతుంది కాబట్టి ఖాళీ తూటా గొట్టాన్ని మళ్ళీ నింపుకోలేం. గుండు మామూలుగా 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. భుజానికి దెబ్బే తెలీదు, చూస్తే పిల్లోళ్ళ బొమ్మ. కానీ పైకెత్తి కాలిస్తే మైలు దాటి పోతుంది, రాయికి తగిలితే ఎటు ఎగురుతుందో చెప్పలేం. అందుకే బావ ఎప్పుడూ ఎదురుగా మట్టిదిబ్బ ఉండే చోటే కూర్చుంటాడు, దిబ్బ నెత్తిన ఆకాశానికి అడ్డంగా నిలబడిందాన్ని ఎంత ఈజీ షాటైనా వదిలేస్తాడు. నాకు బాగా నచ్చింది అదే.

ఇదంతా విని మా తమ్ముడు మన శెనక్కాయ చేనుకీ ఒకటి తెద్దామా అన్నాడు. ఏందిరా తెచ్చేది, ముందు లైసెన్స్ కావాల, అది వచ్చినా పక్క కయ్యలో ఎవురో ఒకరు కలుపు తీస్తానే ఉంటారు, గట్టు మీద మేకలు. చెవులపిల్లిని కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. ఇంక మిగిలేది ఎలకలు, పందికొక్కులు, అవేమో రాత్రిపూట తిరిగేవి.

దానికి మా పక్క యానాది వాళ్ళే కరెక్ట్. బొక్క ముందర తాజా మట్టి చూసి లోపల ఉందో లేదో చెప్పేస్తారు, మిగతా బొక్కలన్నీ మూసేసి కుండలో గడ్డి రగిలించి పొగ ఊదతారు, తర్వాత తవ్వితే ఎలకలూ దొరుకుతాయి, అవి దాచిపెట్టిందీ దొరుకుతుంది. కూలి మాత్రం పెంచమంటా ఉన్నారు, పెంచాల్సిందే.