నాయినమ్మ ఎంట్రుకలు పోకుండా ఫొటో వెనక భాగం తీసిన మూడు రాత్రులు

మా నాయినమ్మ పోయిన ఐదో రోజు, పటం కట్టించడానికి ఒక్క మంచి ఫొటో కోసం ఇంట్లో అందరి ఫోన్లూ వెతికాం. పెళ్లిళ్లలో దిగినవి చాలానే ఉన్నాయి గానీ, వాటిలో ఆమె తల దించుకునో పక్కకు చూస్తూనో ఉంది. పనికొచ్చేది ఒక్కటే దొరికింది. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయినప్పుడు తమ్ముడు తీసింది. జంపన్నవాగులో స్నానం చేసి, తెల్లటి ఎంట్రుకలు ఆరబోసుకుని, రెండు చేతులా బంగారం పట్టుకుని నిలబడ్డది. జాతరలో బెల్లాన్ని మేం బంగారమనే అంటాం. గద్దెల దిక్కు నడవబోయే ముందు ఒక్కసారి సూటిగా కెమెరాలోకి చూసింది. నుదుటి నిండా పసుపు, కుంకుమ.

వెనక మాత్రం జాతరంతా ఉంది. ఒక పక్క ఎవరిదో గుడారం, దాని మీద నీలం టార్పాలిన్ పట్టా. ఇంకో పక్క దుమ్ముతో తెల్లబడ్డ ఆకాశం. ఆమె ఎడమ భుజం మీద నా చెయ్యి. జనం తోస్తుంటే పడిపోకుండా పట్టుకున్నాను, ఫొటోలో నా చెయ్యి తప్ప నేను లేను.

హన్మకొండలో ఒక స్టూడియోలో ఇస్తే సాయంత్రానికల్లా చేసిచ్చారు. వెనక నీలి మబ్బులు పెట్టారు. తల చుట్టూ లేచి ఉన్న సన్నటి ఎంట్రుకలన్నీ కత్తిరించి, కుండ బోర్లించినట్టు నున్నగా చేశారు. బాపు దాన్ని చాలాసేపు చూసి పక్కన పెట్టేశాడు. "ఇది మా అవ్వ కాదు బిడ్డా. అవ్వ నెత్తి గిట్ల నున్నగ ఎన్నడుండె?" అన్నాడు. పదకొండో రోజుకు పటం కావాలి. ఆ రాత్రే నేను లాప్‌టాప్ తెరిచాను.

అందులో గింప్ ఉంది. ఫొటోలు దిద్దుకునే, డబ్బు కట్టాల్సిన పనిలేని సాఫ్ట్‌వేర్. కాలేజీలో పోస్టర్లు చేసినప్పుడు వేసుకున్నది, అక్షరాలు పేర్చడం వరకే తెలుసు.

ముందు నేను తీసుకున్న ఫొటోయే తప్పు. ఇంటి వాట్సాప్ గ్రూపులోది తీసుకున్నాను. పెద్దది చేసి చూస్తే ఎంట్రుకల చుట్టూ అంతా చిన్న చిన్న గళ్లే. పంపేటప్పుడు వాట్సాప్ ఫొటోను నొక్కి చిన్నది చేస్తుంది కదా, సన్నటి గీతలు మొదట పోయేది అక్కడే. తమ్ముడి ఫోన్‌లోని అసలుదాన్ని డాక్యుమెంటుగా పంపించుకున్నాను. 3000×4000 పిక్సెళ్లు. నాయినమ్మ వరకు కత్తిరిస్తే 2000×3000 మిగిలింది. 12×18 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 166 పిక్సెళ్లు వస్తాయి. గోడకు తగిలించి నాలుగడుగుల దూరం నుంచి చూసే పటానికి అది చాలు.

మొదటి రాత్రి మంత్రదండం లాంటి టూల్‌తో మొదలుపెట్టాను. ఒకచోట నొక్కితే అదే రంగున్న భాగమంతా ఎంచుకుంటుంది. ఆకాశం మీద నొక్కితే ఆకాశంతో పాటు సగం ఎంట్రుకలూ వచ్చేశాయి. రెండూ తెలుపే. ఎంచుకునే రంగుల పరిధి తగ్గిస్తే ఆకాశం ముక్కలు ముక్కలుగా మిగిలింది. అట్లాగే తుడిచేస్తే ఆ ఖాళీలోకి తెల్లరంగు వచ్చింది. జెపెగ్ ఫొటోలో పారదర్శకత అనేదే ఉండదు, బొమ్మ ఉన్న పొరకు, అంటే లేయర్‌కు ఎక్కడెంత పారదర్శకమో చెప్పే ఆల్ఫా ఛానెల్ జోడిస్తేనే తుడిచినచోట ఖాళీకి గుర్తుగా గళ్ల నేల కనిపిస్తుంది. ఇది తెలియడానికే గంట పట్టింది.

తర్వాత ఫోర్‌గ్రౌండ్ సెలెక్ట్. మనిషి చుట్టూ ఉజ్జాయింపుగా గీత గీసి, లోపల కొంచెం రంగు పూసి చూపిస్తే మిగతాది అదే లెక్కగట్టుకుంటుంది. చీరనూ బంగారం ముద్దనూ చక్కగానే పట్టింది. జుట్టు దగ్గర మళ్లీ తడబడింది. అప్పుడర్థమైంది, మొత్తం ఫొటోకు ఒకే ఉపాయం పనిచేయదని. గట్టి అంచుకు ఒక పద్ధతి, మెత్తటి అంచుకు ఇంకొకటి కావాలి.

రెండో రాత్రి గట్టి అంచులు పూర్తి చేశాను. పాత్ టూల్‌తో చీర కొంగు, భుజాలు, చేతులు, బెల్లం ముద్ద చుట్టూ చుక్కలు పెట్టుకుంటూ, వంపు వచ్చినచోట లాగి వంచుతూ రెండు గంటలు కూర్చున్నాను. దాన్ని సెలెక్షన్‌గా మార్చి, అంచును ఒక్క పిక్సెల్ మేర మెత్తబరిచాను. ఈసారి తుడవలేదు, లేయర్ మాస్క్ పెట్టాను. మాస్కులో తెలుపు పూసినచోట బొమ్మ కనిపిస్తుంది, నలుపు పూసినచోట దాక్కుంటుంది, బూడిదరంగు పూస్తే సగం సగం. ఏదీ పోదు. తప్పుగా నలుపు పడితే మళ్లీ తెలుపు పూస్తే తిరిగొస్తుంది. రబ్బరుతో తుడిచే అలవాటున్నవాళ్లు ఈ ఒక్కటి నేర్చుకుంటే చాలు, సగం భయం పోతుంది.

మూడో రాత్రంతా జుట్టుకే. టార్పాలిన్ వైపు నాకు దారి దొరికింది. ప్రతి ఫొటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు ఛానెళ్లుంటాయి. వాటిని విడదీసి మూడు నలుపు తెలుపు బొమ్మలుగా చూడొచ్చు. నల్లటి జుట్టు, వెనక నీలాకాశం ఉంటే నీలం ఛానెల్ తీసుకోమంటారు. నా ఫొటోలో తెల్లటి జుట్టు, వెనక నీలం పట్టా. తెలుపులో మూడు రంగులూ నిండుగా ఉంటాయి, నీలం పట్టాలో ఎరుపు చాలా తక్కువ. ఎరుపు ఛానెల్ తెరిచి చూస్తే పట్టా దాదాపు నల్లగా ఉంది, దాని మీద నాయినమ్మ ఎంట్రుకలు వెండితీగల్లా ఒక్కొక్కటీ విడివిడిగా మెరుస్తున్నాయి. వెలుగునీడలు సర్దే లెవెల్స్‌లో రెండు చివరలూ లోపలికి జరిపి, నల్లదాన్ని ఇంకా నల్లగా, తెల్లదాన్ని ఇంకా తెల్లగా చేసి, దాన్నే ఆ వైపు మాస్కుగా అతికించాను. అంచులకు పట్టా నీలం కొంచెం అంటుకుంది. తెల్ల జుట్టే కాబట్టి అక్కడ రంగు తీసేస్తే సరిపోయింది.

ఆకాశం వైపు ఏ ఛానెల్లోనూ తేడా లేదు. అక్కడ చేత్తోనే గీశాను. రెండు పిక్సెళ్ల బ్రష్షుతో, మాస్కు మీద, కుదురు నుంచి కొసకు ఒక్కో ఎంట్రుక. మరీ పెద్దది చేసుకుంటే చెయ్యి బిగుసుకుపోయి తీగల్లాగా వస్తున్నాయి. రెండింతల సైజులో పెట్టుకుని వేగంగా గీస్తేనే ఎంట్రుకల్లా ఉన్నాయి. చిన్నప్పుడు ఆమె నాకు నూనె పెట్టి జడ వేసేది. ఆ రాత్రి ఆమె జుట్టు చెదిరిన తీరు నేను మొదటిసారి అంత శ్రద్ధగా చూశాను. పాపిట దగ్గర ఒక పాయ ఎప్పుడూ కుడివైపుకే లేచి ఉండేది, అది ఫొటోలోనూ ఉంది.

వెనక రంగు ముందే వేసుకుని పనిచేయాలి. గళ్ల నేల మీద బాగున్నట్టు కనిపించిన అంచు ముదురు రంగు పెట్టగానే తెల్లటి గీతలా బయటపడింది. మబ్బులూ తామరపూలూ నాకు వద్దనిపించింది. మేడారం దుమ్ముకు దగ్గరగా లేత మట్టిరంగు పెట్టాను. వెలుతురు ఒకే తీరున ఉండేసరికి ముఖం అందులో కుదురుకుంది.

ఇక భుజం మీది నా చెయ్యి. వెనకదంతా పోయాక అది మనిషి లేని చెయ్యిలా మిగిలింది. పక్కనున్న చీర బట్టను క్లోన్ టూల్‌తో తెచ్చి, విడిగా ఒక లేయర్ మీద కప్పేశాను.

అన్ని లేయర్లూ విడివిడిగా నిలిచే గింప్ సొంత రకం ఎక్స్‌సిఎఫ్ ఫైల్ దాచుకుని, ప్రింటుకు వెనక రంగుతో కలిపి పిఎన్‌జి తీసిచ్చాను. పదకొండో రోజు పటానికి దండ వేసేటప్పుడు బాపు వేలితో అద్దం మీద ఆ కుడివైపు పాయను చూపించి, "ఇగో, ఇది అవ్వ" అన్నాడు.

నెల మాసికానికి వచ్చిన అత్తమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. "బిడ్డా, నాకు జాతర తోటిదే కావాలె. నువ్వు పట్టుకున్న చెయ్యి సుత ఉండాలె" అంది. అదే ఫైల్ తెరిచి మాస్కు ఆపేశాను, వెనక మట్టిరంగు తీసేశాను, చేతిని కప్పిన లేయర్‌కు కన్ను గుర్తు తీసేసి దాన్ని కనబడకుండా చేశాను. నీలం పట్టా, జనం, దుమ్ము, నా చెయ్యి తిరిగొచ్చాయి. మర్నాడు పొద్దున చౌరస్తాకు పోయి ఆమెకు ఇంకో ప్రింటు తీయించుకొచ్చాను.