కాలితో తొక్కే సారె: మూడో నెల

కుండలు చేసే సారెకు అడుగున, జోరు నిలిపే బరువు చక్రంగా పెడదామనుకున్న కడప బండ పగిలింది. రెండు ముక్కలు కూడా కాదు, పొరలు పొరలుగా విచ్చుకుంది. 75 సెంటీమీటర్ల గుండ్రం, 4 సెంటీమీటర్ల మందం, లెక్కకు 48 కిలోలు. నడుమ రంధ్రం కొట్టించినప్పుడు ఏమీ కాలేదు. ఇంటికి తెచ్చి, ఇరుసు బిగుసుకోవడానికి చీల పెట్టి సుత్తితో ఒక్కటి వేశాను, అంతే. ‘కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు’ అనే సామెతలో గుదియ పట్టుకున్నదీ నేనే, ఏడాది పోగొట్టుకున్నదీ నేనే. బండను తప్పుపట్టలేను. మా రాయి పొరల రాయి. నేల మీద పరిస్తే తరాలు మోస్తుంది, నడుమ చీల దిగ్గొడితే ఊరుకోదు.

నేను చేస్తున్నదేమిటో ఒకసారి చెప్తాను. మన సారెను కర్రతో తిప్పి వదులుతారు, ఆ జోరు తగ్గేలోపు కుండ లేవాలి. పంజాబ్, సింధ్ వైపు గుంతలో కూర్చుని కింది చక్రాన్ని పాదంతో నేరుగా తన్నుతారు. నాది ఈ రెండూ కాదు, కుట్టు మిషన్‌కి దగ్గర చుట్టం. నిలువు ఇరుసు నడుమ ఒక వంకీ (క్రాంకు) ఉంటుంది. దానికి తోలు పట్టీతో కట్టిన కర్రను ఎడమ కాలితో పక్కకి నెడుతుంటే, ఒక్కో నెట్టుకి చక్రం ఒక్కో చుట్టు తిరుగుతుంది.

దీన్ని అందరూ లీచ్ వీల్ అంటారు. బెర్నార్డ్ లీచ్, జపాన్ నుంచి వచ్చిన షోజీ హమాదా కలిసి 1920లో ఇంగ్లండులోని సెయింట్ ఐవ్స్‌లో కుండల కార్ఖానా పెట్టారు. ఈ చక్రం రూపం మాత్రం అక్కడ పనిచేసిన డికన్ నాన్స్‌ది. కొయ్య పనీ ఇనుప పనీ తెలిసిన మనిషి, తర్వాత శిల్పి బార్బరా హెప్‌వర్త్ దగ్గర సహాయకుడిగా కూడా చేశాడు. నన్నడిగితే నాన్స్ వీల్ అనాలి. కుండ చేసినవాడి పేరు నిలుస్తుంది, చక్రం చేసినవాడి పేరు ఎవరికీ పట్టదు. మన దగ్గరా అంతే కదా, సారె చేసిన వడ్రంగి పేరు ఎవరు చెప్పుకున్నారు?

ఇక పని సంగతి. ఇరుసు 25 మిల్లీమీటర్ల బ్రైట్ బార్, అంటే నున్నటి ఉక్కు కడ్డీ. దాన్ని పట్టుకునే బేరింగులు రెండు, ఆ మందానికి సరిపోయే యుసిపి 205 రకం. వంకీని మొదట కమ్మరి కొలిమిలో కాల్చి వంచి ఇచ్చాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది కానీ రెండు కొసలూ ఒకే వరుసలో లేవు. 3 మిల్లీమీటర్ల తేడాకే పైన మట్టి ముద్ద పెట్టే పళ్లెం తాగినవాడిలా ఊగింది. లేత్ షాపులో వేరే ఉపాయం చెప్పారు: తిన్నటి ఇరుసును రెండు మందపాటి పట్టీల గుండా దూర్చి, 5 సెంటీమీటర్లు పక్కగా ఇంకో పిన్ను పెట్టి, అన్నీ వెల్డింగ్ చేశాక పట్టీల మధ్య ఉన్న ఇరుసు ముక్కను కోసేయడం. రెండు కొసలూ పుట్టుకతోనే ఒకే వరుసలో ఉంటాయి. ఇది ముందే తెలిసుంటే ఒక నెల మిగిలేది.

బండ పోయాక బరువు కోసం మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) గుర్తొచ్చింది. చమురు బావులు తవ్వేటప్పుడు బురదకు బరువెక్కించడానికి దాన్నే వాడతారు. నీటికి నాలుగు రెట్లకు పైనే బరువు. 200 లీటర్ల పాత డ్రమ్ము నుంచి 8 సెంటీమీటర్ల రింగు కోయించి అచ్చుగా పెట్టాను. అడుగున ఊచల అల్లిక, నడుమ మామూలు కాంక్రీటు, అంచు చుట్టూ 12 సెంటీమీటర్ల మేర ఇసుక, కంకర బదులు ముగ్గురాయి పొడీ ముక్కలూ. పది రోజులు తడి గోనెసంచి కప్పాను. తూస్తే 64 కిలోలు. భలే సంబరపడ్డాను.

తర్వాత లెక్క వేసుకుంటే సంబరం దిగిపోయింది. డ్రమ్ము వెడల్పు 57 సెంటీమీటర్లే. 64 కిలోలున్నా, పగిలిన 48 కిలోల బండకుండే జోరులో ఐదింట నాలుగు వంతులే దీనికి. వ్యాసార్థం వర్గంతో పెరిగే విషయం ఇది, బరువుతో మాత్రమే కాదు. మా వీధి చివరి కుమ్మరి తాత వచ్చి చూసి, ‘బరువు కాదు నాయనా, వెడల్పు చూడల్ల. మా సారెకు బండి చక్రం మాదిరి నడుమ ఆకులే, మట్టీ నారా కలిపి అంచుకే మెత్తుతాం’ అన్నాడు. ఖాదీ కమిషన్ 2018 నుంచి కరెంటు సారెలు ఇస్తున్నా నేను దీని వెంట ఎందుకు పడ్డానో ఆయనకి ఇంకా అర్థం కాలేదు. అదేదో అడిగితే నాకూ టెన్షనే.

చక్రం అన్ని పక్కలా ఒకే బరువు తూగేలా సరిచూడటం తేలికగా అయింది. ఇరుసును అడ్డంగా రెండు కోణపు పట్టీల అంచుల మీద పెట్టి వదిలితే బరువు పక్క కిందికి వస్తుంది. ఎదురు పక్కన వాషర్లు అతికిస్తూ, ఎక్కడ ఆపితే అక్కడ నిలిచేదాకా చేశాను.

నిన్న మొదటి ముద్ద. జల్లించిన చెరువు మట్టి, ఒక కిలో. నిమిషానికి 90 నెట్లు నెట్టగలిగాను, ముద్ద నడుమకు రావడానికి అది చాలింది. వంకీ సరిగ్గా కాలి వరుసలో ఆగితే మాత్రం ఎంత నెట్టినా కదలదు, చేత్తో కాస్త తిప్పి మొదలుపెట్టాలి. ఒకసారి కుట్టు మిషన్‌లాగే ఎదురు తిరిగింది కూడా. గిన్నె లేచింది, పెదవి ఒక పక్క పల్చగా. తోలు పట్టీ కీచుమంటోంది, కొబ్బరినూనె రాసినా ఆగలేదు. ఆదివారం సైకిల్ షాపులో పాత ట్యూబు ఇస్తామన్నారు, పట్టీ బదులు అది కట్టి చూడాలి.