డబ్బులిచ్చి మరీ పూరింట్లో

"ఏరా, దీనికి డబ్బులు కట్టావా?"

అండమాన్‌లో నీల్ ద్వీపంలో మా లాడ్జి గుమ్మం ముందు నిలబడి అమ్మ అన్న మొదటి మాట ఇది. వెదురు తడికెల గోడలు, ఆకు కప్పు, ఇసుకలో కర్రలు పాతి లేపిన అరుగు, తలుపుకి ఒక కొక్కెం. అంతే గది. రాత్రికి 1,800 అని చెప్పే ధైర్యం లేక "ఏదో, తక్కువేలే" అని నసిగాను.

అమ్మ అడగడంలో తప్పు లేదు. మా తాతయ్య దివిసీమలో తాటాకిల్లు పీకి పెంకుటిల్లు వేయడానికి పన్నెండేళ్లు కూడబెట్టాడు. అక్కణ్ణుంచి విజయవాడ సత్యనారాయణపురంలో రెండు గదుల డాబాకి రావడానికి నాన్న సర్వీసంతా సరిపోయింది. నేనేమో పాపకి పచ్చటి చోటు చూపిద్దామని అందర్నీ వెంటేసుకుని, రైలు, విమానం, పడవ మార్చి, తీసుకొచ్చి మళ్లీ పూరింట్లో దింపాను.

క్రిస్మస్ సెలవుల్లో వెళ్లాం. రాత్రి రైల్లో చెన్నై, పొద్దున్నే విమానం, రెండు గంటలు దాటి ప్రయాణం. పోర్ట్ బ్లెయిర్‌కి 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం అని పేరు మార్చారు కదా, "విజయవాడ నుంచి విజయపురానికి ఇంత దూరమా" అని మా ఆవిడ జోకు. అక్కడ ఇప్పటికీ అందరి నోటా పోర్ట్ బ్లెయిరే. ట్యాక్సీ ఎక్కి మేం నలుగురం తెలుగులో కొట్లాడుకుంటుంటే డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఏ ఊరండీ మీది?" అన్నాడు. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాడట. ఈ ఊళ్లో తెలుగువాళ్లు తగలడం పెద్ద వింతేం కాదు, కానీ ఆ మాట వినగానే అమ్మ ముఖం విప్పారింది. జెట్టీ చేరేలోపు అతని పెళ్లయిందో లేదో కూడా తెలిసిపోయింది.

2004 సునామీ సంగతి అడిగింది కూడా అమ్మే. సిప్పిఘాట్ దగ్గర పొలాల్లోకి ఉప్పునీళ్లు ఎక్కాయనీ, భూకంపానికి ఇక్కడ నేలే కుంగిపోయిందనీ అతను చెప్పాడు. అమ్మ ఇంకేం మాట్లాడలేదు. అప్పుడే నాకు అర్థం కావాల్సింది.

ఫెర్రీలో నీల్‌కి సుమారు రెండు గంటలు. పాపకి అవోమిన్ మాత్ర వేశాం. అమ్మ లవంగం బుగ్గన పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. వాంతులు చేసుకున్నది నేనొక్కణ్ణే.

నీల్‌కి ఇప్పుడు షహీద్ ద్వీప్ అని పేరు. హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది. నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేసి 75 ఏళ్లయిన రోజున, అంటే 2018 డిసెంబరు 30న, మార్చారు. అంతకు ముందు పేర్లు 1857లో మన సిపాయిల మీద విరుచుకుపడ్డ ఇంగ్లీషు సేనానులవి. ఇదంతా నేను వివరిస్తుంటే అమ్మ వినలేదు. ద్వీపంలో ఊళ్ల పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్ అని బోర్డులు చూసి, "నీల్ ఏంట్రా, నీలుడు. నలుడూ నీలుడూ కలిసి వారధి కట్టలా?" అని తేల్చేసింది. సముద్రం ఒడ్డున కూర్చుని ఆవిడతో వాదన ఎవడు పెట్టుకుంటాడు?

లాడ్జి నడిపేది ఒక బెంగాలీ కుటుంబం. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన కాందిశీకులకి ప్రభుత్వం ఇక్కడ భూములిచ్చింది. ఇప్పుడు అండమాన్‌కి కూరగాయల బుట్ట ఈ ద్వీపమే. మా పాకల వెనకే వంకాయ, టమాటా మళ్లు. భోజనంలో చేపల కూర ఆవనూనెతో వండారు. ఆ ఘాటుకి అమ్మ ముక్కు మూసుకుని, సంచిలోంచి గోంగూర సీసా తీసింది. వంట చేసే కుర్రాడు ఒక్క ముద్ద రుచి చూసి, నీళ్ల కోసం పరిగెత్తి, తిరిగొచ్చి ఇంకో ముద్ద పెట్టమన్నాడు. ఆ పూట నుంచి వాళ్లిద్దరూ దోస్తులు. ఆవిడకి తెలుగు తప్ప రాదు, వాడికి బెంగాలీ, కాస్త హిందీ.

సాయంత్రం ఐదు దాటిందో లేదో పొద్దు గూకింది. విజయవాడకీ నీల్‌కీ రేఖాంశంలో 12 డిగ్రీల పైన తేడా. డిగ్రీకి 4 నిమిషాలు వేసుకోండి. గడియారం మాత్రం ఇద్దరికీ ఒకటే. అందుకే తెల్లారడం కూడా పెందలాడే, ఆరు కాకుండానే ఎండ తడికెల సందుల్లోంచి మొహం మీద పడుతుంది. అమ్మ దీపం పెట్టే వేళ తప్పిందని కంగారు పడి, తర్వాత ఆరింటికల్లా అన్నం పెట్టేయమంది. ఎనిమిదింటికి ఇక చేసేదేం లేదు. బల్బు ఒకటుంది, కరెంటు వస్తూ పోతూ ఉంది. ఫోన్లో సిగ్నల్ కోసం మా ఆవిడ ఒక్కో కొబ్బరిచెట్టు కిందా నిలబడి చూసింది.

స్నానాల గదిలో నీళ్లు ఉప్పన. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. నేను విసుక్కుంటుంటే అమ్మ నవ్వింది. "మా ఊళ్లో బావినీళ్లు ఇట్లాగే ఉండేవి. శనగపిండి తేవాల్సింది."

అక్కడి సముద్రాన్ని మాత్రం ఆవిడ నమ్మలేదు. ఆవిడకి తెలిసిన సముద్రం హంసలదీవి దగ్గరిది. కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రుతో ఎప్పుడూ మట్టిరంగులో ఉంటుంది, మాఘ పౌర్ణమికి వేలమంది మునిగినా అడుగు కనపడదు. ఇక్కడ పెద్ద నది లేదు, ఇసుకంతా పగడాల పొడి. మోకాలి లోతులో నిలబడితే కాలివేళ్ల గోళ్లు లెక్కపెట్టుకోవచ్చు. "ఇది సముద్రమా, గ్లాసులో నీళ్లా?" అంది. పాటు మీదుండగా నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి, రాళ్లూ పగడాలూ బయటపడ్డాయి. గుంటల్లో నీలం చేపపిల్లలు, దోసకాయలా బొద్దుగా పడున్న నల్లటి ప్రాణి ఒకటి. అందరూ ఫోన్లు పట్టుకుని లోపలికి నడుస్తుంటే అమ్మ మాత్రం ఒడ్డునే నిలబడి, "పోటు తిరిగే వేళయింది, రండి" అని కేకేసింది. నిజంగానే అరగంటకి మేం నిలబడ్డ రాయి మునిగింది. గైడు చెప్పిన టైముకి, ఆవిడ లెక్కకి తేడా పది నిమిషాలు.

రాత్రి పాప కెవ్వుమంది. ఒడ్డున ఏరుకుని, ఎవరికీ చెప్పకుండా చెప్పుల పక్కన దాచిన గవ్వ నడుచుకుంటూ మంచం కిందికి పోతోంది. టార్చ్ వేసి చూస్తే గవ్వ మూతి నుంచి ఎర్రటి కాళ్లు, మధ్యలో ఒక డెక్క మిగతావాటికంటే లావు, అగ్గిపుల్ల తలకాయల్లా రెండు కళ్లు. వెలుగు పడగానే అన్నీ ఒక్కసారి లోపలికి లాగేసుకుని, ఆ లావు డెక్కని తలుపులా అడ్డం పెట్టుకుంది. సన్యాసి పీత. సొంత పెంకు ఉండదు, ఒంటికి సరిపోయే ఖాళీ గవ్వ దొరికితే దూరి, పెరిగే కొద్దీ ఇల్లు మారుతుంది. ఎలాగూ అక్కణ్ణుంచి గవ్వలూ పగడాలూ తీసుకెళ్లనివ్వరు, ఎయిర్‌పోర్టులో బ్యాగులు చూస్తారు. అర్ధరాత్రి తండ్రీకూతుళ్లం వెళ్లి దాన్ని ఒడ్డున దింపి వచ్చాం.

తిరిగొచ్చేసరికి అమ్మ మెలకువగా ఉంది. బ్యాగులన్నీ నేల మీంచి తీసి మంచం మీద పెట్టేసింది. చెప్పులు కూడా.

1977 నవంబరు 19 గురించి ఆవిడ ఇంట్లో ఎప్పుడూ పెద్దగా చెప్పదు. దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్లు పదివేల మందని పుస్తకాల్లో చదివాను. అమ్మకి అప్పుడు పదమూడేళ్లు. ఆ రాత్రి ఆ పాకలో చెప్పింది కూడా రెండు మాటలే. "మన కప్పు ఎగిరిపోలేదురా. కప్పు కప్పులాగే తేలుకుంటూ పోయింది. మేం బడి మీద నుంచి చూశాం." డబ్బు మిగుల్తుందని ఒడ్డుకి నలభై అడుగుల్లో గది తీసుకున్నది నేనే. వెనక వరసలో రెండొందలు ఎక్కువకి సిమెంటు గది ఉంది, మారదామా అన్నాను. "పడుకో. ఇవాళ గాలి లేదు" అంది.

రెండోరోజు మధ్యాహ్నం కప్పు కింద నిలబడి పరీక్ష పెట్టింది. తాటాకు కాదు, అక్కడి అడవి ఆకేదో. వాసాలు బాగున్నాయట, దబ్బలు దగ్గర దగ్గరగానే కట్టారట, వాలు మాత్రం చాలదట. "ఆ తూర్పు మూల కారుద్ది చూడు" అని వేలెత్తి చూపించింది. అదే రాత్రి వాన వచ్చింది, గంటసేపు గట్టిగా. తూర్పు మూల ఒక్క చుక్క పడలేదు. నీళ్లు కారింది పడమట, సరిగ్గా నా మెడ మీద.

"గాలి మారింది" అంది అమ్మ, అటు తిరిగి పడుకుంటూ.

పొద్దున గోంగూర కుర్రాడు నిచ్చెన, ఆకుల కట్ట తెచ్చుకుని కప్పెక్కాడు. అమ్మ కింద నిలబడి తెలుగులో చెబుతోంది: పై ఆకు ఎత్తు, కింద దోపు, కొస బయటికి రానీ, ఆఁ, ఇప్పుడు కట్టు. వాడు బెంగాలీలో ఏదో అంటూ సరిగ్గా అలాగే చేస్తున్నాడు. మా ఫెర్రీకి గంట టైముంది, మా ఆవిడ బ్యాగులు అరుగు మీదికి చేర్చింది. పని ముగించి వాడు నిచ్చెన తీయబోతుంటే అమ్మ ఆపి, తూర్పు మూల వైపు వేలు చూపించింది.

"అది కూడా."