సకినాల పిండికి గ్లాసా, కాటానా?

సంక్రాంతి దగ్గరపడంగనే దుబాయ్‌ల ఉండే మా చెల్లె ఫోన్ చేస్తది: "అక్కా, కిలో బియ్యానికి నువ్వులెన్ని?" హన్మకొండల మా అమ్మ కొలతలన్నీ సోల, గిద్దెలే; నాలుగు గిద్దెలైతే ఒక సోల. చెల్లె దగ్గర ఉన్నది కాటా.

240 మిల్లీలీటర్ల కప్పుకు బియ్యం 190 నుంచి 200 గ్రాములు పడ్తయి. నువ్వులు సుమారు 145. మైదా 125, అదీ చెంచాతోని వదులుగ పోస్తేనే. కప్పును డబ్బాల ముంచి అదిమితే 150 దాక పోతది. అందుకే పిండి ఏదైనా నేను తూకాన్నే నమ్ముత.

సకినాలకు ఇంకో సంగతున్నది. బియ్యం నానవెట్టి, వడగట్టి, తడిగనే గిర్నిల పట్టిస్తం. ఆ పిండిల నీళ్ల బరువు కలుస్తది, ఉండలు కట్టి కప్పుల సరిగ్గ కూసోదు. గ్లాసు తప్పే, కాటా తప్పే. లెక్కంత నానవెట్టకముందు పొడి బియ్యం మీదనే కట్టాలె. కిలో అంటే ఐదు కప్పుల పైన కొంచెం. దానికి మేం పావుకిలో నువ్వులేస్తం, రెండు కప్పులకు కొంచెం తక్కువ.

ఉప్పు చెంచాతోని చెప్తే మాత్రం ఏ ఉప్పో అడుగుండ్రి. సన్నుప్పు చిన్న చెంచాకు 6 గ్రాములుంటది. దొడ్డుప్పు గళ్ల మధ్య సందులుండి తక్కువ తూగుతది.